లైబ్రరీలో వీఆర్ పెట్టారు సరే, మా నాన్నకి ఫోన్ వాడటం వస్తుందా?

ఎంవీపీ_రవళి
మా ఏరియా లైబ్రరీలో ఈమధ్య డిజిటల్ నైపుణ్యాల గది అని ఒకటి తెరిచారు. ఏ లైబ్రరీయో చెప్పను, చెప్తే అక్కడ కూర్చునే కుర్రాడికి మాట పడుతుంది. నాలుగు వీఆర్ హెడ్‌సెట్లు (కళ్ళకి డబ్బాలా కట్టుకుంటే వేరే చోట ఉన్నట్టు చూపించేవి), ఒక పెద్ద టీవీ, గోడ మీద రాకెట్ బొమ్మ. నాన్నకి ఏటీఎం అన్నా, ఫోన్‌లో డబ్బులు పంపడమన్నా టెన్షన్. ఉచితంగా నేర్పుతారంటే తీసుకెళ్ళాను.

సముద్రం అడుగున చేపల్ని చూపించారు. తిమింగలం మీదకొచ్చేసరికి నాన్న కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని "ఆపు బాబూ, ఆపు" అన్నారు. తీసి చూస్తే ముక్కు మీద ఎర్రగా అచ్చు పడింది, ముఖమంతా చెమట, లేచి నిలబడబోతే తూలారు. ఆ తర్వాత "డిజిటల్ శిక్షణ పొందినవారు" అన్న రిజిస్టర్‌లో సంతకం పెట్టించుకున్నారు! ఇంటికొచ్చాక కరెంటు బిల్లు కట్టండి నాన్నా అంటే ఫోన్ తెచ్చి నా చేతిలోనే పెట్టారు, ఎప్పట్లాగే.

దీనివల్ల నిజంగా ఎవరికైనా ఏమైనా వచ్చిందా? లేక షోకేనా?

మురీమిక్స్
రోడ్డు దాటితే సముద్రం. దాన్ని చూడ్డానికి కళ్ళకి డబ్బా కట్టుకోవడం మన వైజాగ్ వాళ్ళకే చెల్లింది.

గాజువాక_గాడు
షో అండీ, వంద శాతం షో. మా వైపు కూడా ఒకచోట పెట్టారు. ప్రారంభోత్సవం రోజు పెద్దలందరూ డబ్బాలు తగిలించుకుని గాల్లో చేతులూపారు, పొద్దున్నే పేపర్లో ఫొటో. ఇప్పుడవి బీరువాలో ఉన్నాయి. తాళం ఎవరి దగ్గరుందని అడిగితే "ఆయన డిప్యుటేషన్ మీద వెళ్ళారు" అన్నారు. ఏటండీ ఇది, తాళం కూడా డిప్యుటేషన్ మీద వెళ్తుందా?

ఋషికొండ_కోడర్
పై ఇద్దరితో నేను ఒప్పుకోను. వస్తువుది తప్పు కాదు, దానికి అప్పజెప్పిన పని తప్పు.

నిజంగా చేసి నేర్చుకోవాలంటే ప్రమాదమో, ఖర్చో, లేక అలాంటి సందర్భం చేతికి దొరకకపోవడమో ఉన్నచోట సిమ్యులేటర్, అంటే అసలు పనిని ఉత్తుత్తిగా చేయించి నేర్పే యంత్రం, పనికొస్తుంది. పైలట్ల కోసం లింక్ ట్రైనర్ అనే సిమ్యులేటర్ 1929లోనే వచ్చింది. వీఆర్ అదే దారిలో చవగ్గా వచ్చిన సరుకు. అమెరికాలో వాల్‌మార్ట్ 2018లో తన స్టోర్లకి 17 వేల ఓకులస్ గో హెడ్‌సెట్లు పంపింది. పండగ సేల్ రోజు జనం ఎగబడితే ఎలా నెగ్గుకురావాలో సిబ్బందికి ముందే అలవాటు చెయ్యడానికి. ఆ రద్దీని ట్రైనింగ్ కోసం మామూలు రోజున తీసుకురాలేరు కదా.

ఇప్పుడు మీ నాన్నగారి సంగతి. ఆయన నేర్చుకోవాల్సింది ఫోన్, అది ఆయన జేబులోనే ఉంది. చేతిలో ఉన్న వస్తువు నేర్పడానికి హెడ్‌సెట్ దేనికి? అక్కడికి నేనూ మీవైపే. అలాగని గదికే తాళం వెయ్యమంటే మాత్రం ఒప్పుకోను.

గాజువాక_గాడు
తాళం వెయ్యమని నేనెక్కడన్నాను బావా, వేసేసారనే కదా చెప్పింది.

డాక్‌యార్డ్_తాతయ్య
కోడర్ బాబు చెప్పినదానికి నా తరఫున ఒక మాట. నేను వెల్డింగ్ షాపులో పనిచేసి రిటైరయ్యాను. మా రోజుల్లో కొత్త అప్రెంటిస్‌కి ఒక తుక్కు ప్లేటు, కట్ట రాడ్లు ఇచ్చి "కాల్చుకో" అనేవాళ్ళం. ఆర్క్, అదే రాడ్డు కొన దగ్గర మెరుపు, అంటుకోవడమే గగనం. రాడ్డు ప్లేటుకి అతుక్కుపోతుంది, వాడు కంగారుపడి హోల్డర్ గుంజుతాడు, పక్కవాళ్ళు నవ్వుతారు. ఆ నవ్వుకి జడిసి పని మానేసిన పిల్లలున్నారు.

ఈమధ్య ఒక ట్రైనింగ్ సెంటర్‌లో వెల్డింగ్ సిమ్యులేటర్ చూశాను. ముఖానికి హెల్మెట్, చేతిలో నిజమైన బరువున్న వెల్డింగ్ టార్చ్. చెయ్యి ఎంత వాలింది, ఎంత వేగంగా జరుపుతున్నాడు, కొనకీ ప్లేటుకీ ఎంత ఎడం ఉంది, అన్నీ తెర మీద గీతలుగా వచ్చేస్తాయి. మేం "చెయ్యి కుదరలేదురా" అని ఒక్క ముక్కలో తేల్చేసిన విషయాన్ని అది విడదీసి చూపిస్తుంది. రాడ్డు ఖర్చు లేదు, ప్లేటు ఖర్చు లేదు, కళ్ళు మండవు.

అయితే అక్కడ నేర్చిన కుర్రాణ్ణి తిన్నగా ఓడ అడుగు ట్యాంకులోకి దింపితే నిలవలేడు. వేడి, పొగ, మోకాళ్ళ మీద కూర్చుని తల పైకెత్తి చేసే ఓవర్‌హెడ్ పని, మెడ మీద పడే నిప్పురవ్వ, ఇవేవీ అందులో ఉండవు. చేతికి దారి చూపడం వరకే దాని పని. మిగతాది షాపులోనే.

బ్యాక్‌లాగ్_బాలు
తాతయ్యా, పరవాడ ఫార్మా సిటీలో నాకు తెలిసిన అన్న ఒకాయన ఉన్నారు. వాళ్ళకి ఫైర్ సేఫ్టీ వీఆర్‌లో చూపించారట. పొగలో ఎగ్జిట్ వెతుక్కోవడం. మామూలు క్లాసులో నిద్రపోయేవాళ్ళు కూడా ఇందులో నిద్రపోలేదంట.

పెందుర్తి_పంతులు
నేను బడిలో కంప్యూటర్ చెప్తాను. ఈ వీఆర్ మోజు నాకిది రెండోసారి. 2014లో గూగుల్ అట్ట డబ్బా వచ్చింది, కార్డ్‌బోర్డ్ అనేవారు. ఫోన్ అందులో పెట్టి చూడ్డమే. తర్వాత ఎక్స్‌పెడిషన్స్ అని ఒక యాప్ ఇచ్చారు. టీచర్ చేతిలో ట్యాబ్, పిల్లల కళ్ళకి డబ్బాలు, అందరినీ ఒకేసారి అగ్నిపర్వతం దగ్గరికి తీసుకెళ్ళొచ్చు. సొంత డబ్బుతో అట్టలు కొని, నోట్స్ రాసుకుని, క్లాసు క్లాసుకీ పాఠాలు తయారు చేసుకున్నాను. 2021లో యాప్ ఎత్తేశారు. అట్టలు మాత్రం మిగిలాయి.

అందుకే గది తెరిచేవాళ్ళని నేను మొదట అడిగేది హెడ్‌సెట్ ధర కాదు. "అందులో నడిచే పాఠం ఎవరిది? ఆ కంపెనీ మూసేస్తే రేపు ఏం చూపిస్తారు?" ఇంతవరకూ ఎవరూ తిన్నగా జవాబు చెప్పలేదు.

ఇంకోటి, వయసు. మెటా కంపెనీ క్వెస్ట్ హెడ్‌సెట్లకి మొదట్లో 13 ఏళ్ళు నిండాలనే షరతు. 2023లో తల్లిదండ్రుల అకౌంట్ కింద 10 ఏళ్ళకి తగ్గించారు. మన గదుల్లో మూడో తరగతి పిల్లలు కూడా లైన్లో ఉంటున్నారు.

ఎంవీపీ_రవళి
అందరికీ థాంక్స్. నాన్నకి మర్నాడు పొద్దున వరకూ తల బరువుగానే ఉంది. ఆయన బీపీ మనిషి. ఇది మామూలేనా, డాక్టర్ దగ్గరికి వెళ్ళాలా?

నైట్‌డ్యూటీ_నర్సు
రవళి గారూ, తూలడం ఇంకా ఉంటే ఆగకుండా చూపించండి, పెద్దవాళ్ళ విషయంలో అన్నీ వీఆర్ మీదకి నెట్టెయ్యకూడదు. తగ్గిపోతే సాధారణంగా కంగారు లేదు.

ఎందుకొస్తుందంటే, కళ్ళు "ఈదుతున్నాను" అంటాయి, లోపలి చెవి "కుర్చీలో కూర్చున్నాను" అంటుంది. రెండిటికీ పొత్తు కుదరక వికారం. అరకు ఘాట్‌లో బస్సు తిరుగుతుంటే ఫోన్ చూస్తే కడుపులో తిప్పుతుందే, అదే గొడవ ఇక్కడ తిరగబడి వస్తుంది. కాబట్టి కొత్తవాళ్ళకి, అందులోనూ పెద్దవాళ్ళకి, కదిలే సీన్లు పెట్టనే కూడదు. మనిషి ఒకచోటే ఉండి చుట్టూ చూసే సీన్ ఎంచుకోవాలి. ఐదు నిమిషాలు, మధ్యలో ఆపడం, తీశాక కాసేపు కూర్చోబెట్టడం.

కటకాల మధ్య దూరం కూడా చూడాలి. క్వెస్ట్ 2లో 58, 63, 68 మిల్లీమీటర్లని మూడు మెట్లుంటాయి. ముందు పెట్టుకున్నవాళ్ళది అలాగే వదిలేస్తే తర్వాతి మనిషికి బొమ్మ మసగ్గా ఉంటుంది, కళ్ళు లాగుతాయి. మూర్ఛ ఉన్నవాళ్ళు, పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు డాక్టర్ని అడక్కుండా పెట్టుకోవద్దు. ఈ రెండు ప్రశ్నలు మీ నాన్నగారిని ఎవరైనా అడిగారా?

ఎంవీపీ_రవళి
ఆధార్ నంబర్ అడిగారు.

మురీమిక్స్
తిమింగలానికి కేవైసీ కావాలి కదా.

కుర్చీలో_కెప్టెన్
మురీమిక్స్, పైన నీ సముద్రం జోకు చదివి నవ్వాను, కాదనను. కానీ ఒకటి విను.

నేను వీల్‌చెయిర్‌లో ఉంటాను. ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ ఉంది. 1969లో నేవీలో చేరి, 2001లో రిటైరై, 2002 నుంచి మ్యూజియం. మీరందరూ చిన్నప్పట్నుంచీ ఎక్కి దిగినదే. లోపల ఒక గది నుంచి ఇంకో గదికి వెళ్ళాలంటే ఆ గుండ్రటి తలుపులోంచి వంగి, కాలెత్తి దాటాలి. నాకది కుదరదు. ప్రతిసారీ ఇంట్లోవాళ్ళు లోపలికెళ్తే నేను బయట బ్యాగులు కాపలా.

ఒక స్నేహితుడు లోపలంతా 360 కెమెరాతో, అంటే చుట్టూ అన్నివైపులా ఒకేసారి తీసేదానితో, తీసిన వీడియో హెడ్‌సెట్‌లో పెట్టి చూపించాడు. టార్పెడో గొట్టాలు, ఒకదాని మీద ఒకటి బెర్తులు, తల తిప్పితే వెనకాల వంటగది. మావాళ్ళు ఇన్నేళ్ళు "ఇరుకు ఇరుకు" అని ఎందుకంటున్నారో అప్పుడర్థమైంది. తర్వాత అలాంటి వీడియోల ముక్కలు కలిపి అతికించడం నేనే నేర్చుకున్నాను, ఇప్పుడు దాని మీద చిన్నాచితకా పనులు వస్తున్నాయి. ఇది డిజిటల్ నైపుణ్యం కాదంటారా?

మురీమిక్స్
దీనికి నా దగ్గర జోకు లేదన్నా.

లైబ్రరీ_పురుగు
అందరూ హెడ్‌సెట్ల గురించే మాట్లాడుతున్నారు, డబ్బు మాటెత్తరేం? 1960 గ్రంథాలయాల చట్టం ప్రకారం మనం కట్టే ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు లైబ్రరీ సెస్సు. అంటే ఆ గదిలో నాకూ వాటా ఉంది. నేను వెళ్ళే చోట గ్రూప్స్‌కి చదివే పిల్లలు పొద్దున ఆరింటికే బ్యాగులు పెట్టి కుర్చీ పట్టుకుంటారు. కొత్త కరెంట్ అఫైర్స్ పుస్తకానికి ముగ్గురు ఎదురుచూస్తుంటారు. పైన ఫ్యాన్ తిరగదు. ఇవి వదిలేసి తిమింగలాలా?

పడవ మీద పుస్తకాలు పెట్టుకుని కాలువల వెంట ఊళ్ళకి తీసుకెళ్ళిన గ్రంథాలయోద్యమం మనది. అయ్యంకి వెంకటరమణయ్య గారు, పాతూరి నాగభూషణం గారు ముందు చదివేవాణ్ణి చూశారు, తర్వాతే వస్తువు.

ఋషికొండ_కోడర్
పురుగు గారూ, 1935లో ఆ పడవ కూడా కొంతమందికి షోగానే కనిపించి ఉంటుంది. 2017లో కాలిఫోర్నియా లైబ్రరీల్లో ఓకులస్ రిఫ్ట్ సెట్లు పెట్టినప్పుడూ ఇదే వాదన. ఇంట్లో కొనలేని వస్తువు అందరికీ అందుబాటులో ఉంచడం లైబ్రరీ పనే కదా. పుస్తకం కూడా ఒకప్పుడు కొనలేని వస్తువే.

లైబ్రరీ_పురుగు
పడవలో పుస్తకంతో పాటు మనిషి ఉండేవాడు బాబూ, చదివి వినిపించడానికి. ఇక్కడ ఆ మనిషేడి?

గదిలో_కుర్రాడు
ఆ మనిషిని నేనే. రవళి గారు వెళ్ళిన చోటు కాదనుకుంటా, మా గోడ మీద రాకెట్ లేదు. కానీ చేపలు ఉన్నాయి. చేపలే ఎందుకో చెప్తాను.

నన్ను పెట్టింది కంప్యూటర్ ఆపరేటర్‌గా. హెడ్‌సెట్లు తెచ్చినాయన గంటసేపు ఆన్, ఆఫ్ చూపించి వెళ్ళిపోయాడు. మెనూలన్నీ ఇంగ్లిష్‌లో ఉన్నాయి. పెద్దావిడ ఒకరు పెట్టుకుని "ఏం నొక్కాలి నాయనా" అంటే, ఆమెకేం కనబడుతోందో నాకు కనబడదు. టీవీకి కలిపితే కనబడుతుంది, కానీ వైఫై సగం రోజులు ఉండదు. చేపలైతే ఏమీ నొక్కక్కర్లేదు, అదే నడుస్తుంది. ఒక బ్యాటరీ రెండు మూడు గంటలు. మధ్యాహ్నం తర్వాత నాలుగింట్లో రెండు చార్జింగ్‌లోనే ఉంటాయి.

మన ఉక్కపోత సంగతి తెలుసుగా. ఏసీ ఆగితే కటకాల మీద ఆవిరి, ముఖం ఆనించే స్పాంజిలో ముందువాళ్ళ చెమట. 2021లో క్వెస్ట్ 2 స్పాంజి చర్మానికి పడట్లేదని కంపెనీయే సిలికాన్ తొడుగులు పంచింది. అవుంటే తుడుచుకోవచ్చు, మాకు రాలేదు. జనం జేబురుమాలుతో కటకాలు రుద్దేస్తారు, గీతలు. ఒకరోజు ఎవరో హెడ్‌సెట్‌ని కిటికీ గట్టు మీద వెల్లకిలా పెట్టారు. భూతద్దంలోంచి పడ్డట్టు ఎండ కటకంలోంచి పడి లోపలి తెర కాలింది. ఇప్పుడు దాంట్లో ఏ చేపని చూసినా పక్కన పసుపు మచ్చ.

పైనుంచి నన్నడిగే లెక్క ఒక్కటే, "ఈ నెల ఎంతమంది?" ఏం నేర్చుకున్నారని ఎవరూ అడగలేదు. ఒకాయన్ని కూర్చోబెట్టి ఫోన్‌లో బిల్లు కట్టడం నేర్పితే నాకు గంట పడుతుంది, రిజిస్టర్‌లో ఒక్కడే. అదే గంటలో చేపలు చూపిస్తే పన్నెండు మంది. మీరే చెప్పండి, నేనేం చెయ్యాలి?

గాజువాక_గాడు
తమ్ముడూ, నీ మీద కోపం లేదురా. ఆ రిజిస్టర్ మీద ఉంది.

నైట్‌డ్యూటీ_నర్సు
ఇదే మా దగ్గర కూడా. లెక్క దేనికడిగితే పని దానికే జరుగుతుంది.

కంచరపాలెం_అక్క
నాది వేరే అనుభవం. మా అత్తగారు ఒక స్వచ్ఛంద సంస్థ నడిపే సెంటర్‌కి వెళ్ళారు. అక్కడ వీఆర్‌లో ఏటీఎం గది ఉంది. కార్డు పెట్టడం, పిన్ నొక్కడం, డబ్బులు తీసుకోవడం. అన్నిటికన్నా ముఖ్యం, వెనక లైన్‌లో మనుషులుంటారు. ఒకడు గొంతు సవరించుకుంటాడు, ఒకడు "తొందరగా అమ్మా" అంటాడు. మా అత్తగారు మొదటిసారి వాడికి "కంగారెట్టకు" అని గట్టిగా సమాధానం చెప్పారు, గదంతా నవ్వులు. అక్కడి అమ్మాయి పక్కనే నిలబడి భుజం మీద చెయ్యేసి ఉంచింది, అదే రోజు కింద నిజం ఏటీఎంకి తీసుకెళ్ళి వెయ్యి రూపాయలు తీయించింది. ఇప్పుడు పింఛను ఆవిడే తెచ్చుకుంటారు.

బ్యాక్‌లాగ్_బాలు
అక్కా, అది ట్యాబ్ మీద కూడా నేర్పొచ్చు కదా, బటన్లు అవే.

కంచరపాలెం_అక్క
బటన్లు ఆవిడకి ముందే తెలుసు. వెనకవాడంటేనే భయం. ట్యాబ్‌లో వెనకవాడు ఉండడుగా.

ఋషికొండ_కోడర్
ఇది నేను రాసిన వాల్‌మార్ట్ కన్నా మంచి ఉదాహరణ. కాకపోతే గమనించండి, వీఆర్ పక్కన ఆ అమ్మాయి ఉంది, కింద ఏటీఎం ఉంది.

తెలుగు_ఫైర్‌వాల్
సైబర్ సెక్యూరిటీలో ఉన్నాను, ఎవరూ చెప్పనిది ఒకటి. ఆ గదుల్లో హెడ్‌సెట్ బ్రౌజర్‌లో మెయిల్, బ్యాంకు ఏదీ తెరవకండి. అది అందరి వస్తువు, లాగిన్ అలాగే ఉండిపోవచ్చు. పైగా టీవీకి కలిపి ఉంటే, గాల్లో కీబోర్డు మీద మీరు ఏ అక్షరం నొక్కుతున్నారో గదిలో అందరికీ పెద్దగా కనబడుతుంది. ఒకచోట పెద్దాయన పాస్‌వర్డ్ కొడుతుంటే వెనక పిల్లలు పైకి చదవడం నేనే విన్నాను.

ఇక నన్నడిగితే పెద్దవాళ్ళకి నేర్పాల్సిన మొదటి పాఠం, డబ్బు రావడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు. పిన్ అడిగారంటే పోయేది మన డబ్బే. రెండోది, వీడియో కాల్‌లో అరెస్టు అనేది చట్టంలో లేదు. మూడోది, డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930 నంబర్‌కి ఫోన్. కుర్రాళ్ళకి కూడా ఉందొకటి. 2024లో మన పోలీసులు బయటపెట్టిన కంబోడియా వ్యవహారం గుర్తుందా, డేటా ఎంట్రీ ఉద్యోగమని తీసుకెళ్ళి సైబర్ మోసాలు చేయించడం? వాళ్ళందరికీ ఫోన్ బ్రహ్మాండంగా వచ్చు.

పెందుర్తి_పంతులు
ఫైర్‌వాల్ గారి పాఠాలు రేపు బోర్డు మీద రాస్తాను.

కెప్టెన్ గారి పోస్టు చదివాక నాదీ ఒకటి. అట్ట డబ్బాల దెబ్బ తిన్నాక చూపించడం మానేసి చేయించడం మొదలుపెట్టాను. తొట్లకొండ బౌద్ధ క్షేత్రానికి వెళ్ళి పిల్లలు ఫోన్లతో స్థూపం చుట్టూ ఫొటోలు తీశారు. బ్లెండర్ అని 3డీ బొమ్మలు కట్టే సాఫ్ట్‌వేర్ ఉచితం, దాంట్లో స్థూపం ఆకారం కట్టారు. ఏ-ఫ్రేమ్ అని ఒకటుంది, మామూలు వెబ్ పేజీ రాసినట్టే పది పదిహేను లైన్లు రాస్తే బ్రౌజర్‌లో వీఆర్ సీన్ వచ్చేస్తుంది. హెడ్‌సెట్ లేకపోయినా కంప్యూటర్‌లో చూసుకోవచ్చు.

నెల రోజులు కుస్తీ. సగం గొడవ ఫైల్ పేర్లతోనే. "కొత్తది", "కొత్తది ఫైనల్", "అసలు ఫైనల్" అని పెట్టుకుని ఒకరి పని ఒకరు చెరిపేసుకున్నారు. ఒకమ్మాయి ఫొటోలు పంపితే స్థూపం నల్లగా వచ్చింది, ఎందుకా అని చూస్తే ఫోల్డర్ పేరులో ఒక్క అక్షరం తేడా. దాన్ని తనే వెతికి పట్టుకుంది. చివర్లో అరువు తెచ్చిన హెడ్‌సెట్ పెట్టుకుని వాళ్ళు కట్టిన మెట్ల ముందు వాళ్ళే నిలబడ్డారు. మెట్లు మనిషి నడుమెత్తున ఉన్నాయి! కొలత తప్పని తెర మీద ఎవరికీ తెలియలేదు, లోపలికెళ్తేనే తెలిసింది.

డాక్‌యార్డ్_తాతయ్య
అలాగైతే మాస్టారూ, మీ పిల్లల్ని నెలకోసారి ఈ గదుల్లో కూర్చోబెట్టండి. గదిలో కుర్రాడికి సాయంగా ఉంటారు. నేనూ వస్తాను, ఫోన్‌లో నాకూ కొన్ని కావాలి.

లైబ్రరీ_పురుగు
వస్తూ వస్తూ ఫ్యాన్ బాగుచేసేవాణ్ణి కూడా తెండి.

ఎంవీపీ_రవళి
నిన్న వెళ్ళి సలహాల పుస్తకంలో రాసొచ్చాను. శనివారం గంట కేవలం ఫోన్ క్లాసు పెట్టాలి, కొత్తవాళ్ళకి కదిలే సీన్లు వద్దు, రిజిస్టర్‌లో "ఏం చెయ్యడం వచ్చింది" అని ఒక గడి ఉండాలి. అక్కడి కుర్రాడు చదివి, "మేడమ్, ఆ గడి రోజూ ఖాళీగా ఉంటే నన్నే అడుగుతారు" అన్నాడు. ఆ మాటా నిజమే.

అక్కా, ఆ సెంటర్ పేరు మెసేజ్‌లో పంపండి. తిమింగలం లేదంటే వస్తానంటున్నారు నాన్న. కళ్ళజోడుతో పెట్టుకోవచ్చా?

గదిలో_కుర్రాడు
పెట్టుకోవచ్చండీ. క్వెస్ట్ 2 అయితే కళ్ళజోడు కోసం నల్లటి ప్లాస్టిక్ ముక్క ఒకటి డబ్బాతోనే వస్తుంది, స్పేసర్ అంటారు. చాలాచోట్ల డబ్బాలోంచి బయటికే తియ్యరు, అడిగి వేయించుకోండి. లేదంటే కళ్ళజోడు అద్దానికీ కటకానికీ రాపిడై రెండూ గీతలు పడతాయి.